జేజి అన్న మాట

ఈ కార్తీకంలో ఒకరోజు ప్రొద్దుటూరు బస్టాండులో పులివెందుల బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. పొద్దున్నుంచీ విడవని తుంపర. బస్సు కదలబోతుండగా ఒక ముసలాయన తడిసిన కంబళి తలమీదుగా కప్పుకొని ఎక్కి, అటూ ఇటూ చూసి, వేరే చోటు లేక నా పక్కన కూర్చున్నాడు. ముందు సీటులోని ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. వెనకనుంచి ఎవరో కిటికీ తెరవమన్నారు. తడిసిన ఉన్ని వాసన ఎరగనివాళ్లకు దాన్ని చెప్పడం కష్టం. అందులో గొర్రె ఉంటుంది, పొయ్యి పొగ ఉంటుంది, పులిసిన మజ్జిగ, ఎండిన పెంట, మనిషి చెమట, ఎప్పుడో కురిసి వెలిసిన వానలూ ఉంటాయి. నేను జరిగి కూర్చోలేదు. ముద్దనూరు దాటేవరకూ ఆయన నిద్రపోతూనే ఉన్నాడు, నేను ఆ వాసన పీలుస్తూనే ఉన్నాను.

లింగాలలో మా చెన్నప్ప మామకు ఒంట్లో బాగాలేదని కబురొస్తే చూడడానికి పోతున్నాను. ఆయన మా నాయన చెల్లెలి భర్త. డెబ్బై దగ్గర పడ్డాడు. మా అబ్బతో, అంటే మా నాయన తండ్రితో, కడసారి మాట్లాడిన మనిషి ఆయనే. అందుకే కాబోలు, ఆయన దగ్గరికి పోయిన ప్రతిసారీ నాకు పదేళ్ల వయసు వచ్చేస్తుంది.

మా ఊరు జమ్మలమడుగుకు నాలుగు మైళ్లు, పెన్న అవతలి గట్టున. నాపరాళ్లు పేర్చి కట్టిన ఇల్లు, పైన మట్టిమిద్దె, పక్కనే కంపతో కంచె వేసిన గొర్రెల దొడ్డి. మాది గొర్రెలు కాసుకొని బతికిన ఇల్లు. అబ్బ పేరు పుల్లన్న. మనిషి పొడుగు, మాట పొట్టి. మందలో రెండు వందల తలలుంటే రెండు వందల ముఖాలూ ఆయనకు వేరువేరుగా తెలుసు, మాకు మాత్రం అన్నీ నల్లగా ఒకటే. ఉగాది దాటాక ఉన్ని కత్తిరించే రోజుల్లో వాకిలినిండా నల్లటి మబ్బులు దిగినట్టు కుప్పలు పడేవి, పిల్లలం వాటిమీద దూకి ఒళ్లంతా దురదలు తెచ్చుకునేవాళ్లం. ఆ ఉన్నిని మా జేజి, అంటే నాయన తల్లి, కదురుమీద వడికేది. సంగటి తింటే పంటికింద ఉన్నిపోగు, నీళ్లు తాగితే గొంతులో ఉన్నిపోగు. చలికాలం పొద్దున పొయ్యి ముందర కూర్చొని వేడి జొన్నరొట్టె మీద చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి పూసుకొని తింటుంటే, వీపున ఎండ, ముఖాన మంట, మోకాళ్ల మధ్య ఎవరో తల్లి లేని గొర్రెపిల్ల. దీపావళి నాడు పొట్టేళ్ల నుదుట పసుపూ కుంకుమా పెట్టి, కొమ్ములకు ఎర్రమన్ను పూసి, తొలి ఓళిగ, అదే బొబ్బట్టు, వాటికే పెట్టేవారు. పీర్ల పండగప్పుడు గుండం చుట్టూ ఆడి ఆడి, కాళ్లకు బూడిద అంటించుకొని వచ్చి ఆ కాళ్లతోనే పడుకునేవాళ్లం. ఆటలకు మాకు ఏదీ కొనవలసిన పని లేదు. తొక్కుడుబిళ్లకు నాపరాతి ముక్కలు, వోనగుంతలకు, అదే వామనగుంటలకు, ఎండిన గొర్రె పెంటికలు.

జేజి పేరు నాగమ్మ. పొట్టి మనిషి, పెద్ద గొంతు. మా ఊళ్లో పొద్దు పొడిచేది ఆమె తిట్లతోనే అనేవారు. నీ నోట్లో మన్ను పడ, నీ కాళ్లిరగ, నిన్నెత్తకపోను, నీ పాడె కట్ట. ఇవి ఆమెకు తిట్లు కావు, ఊపిరి. గొర్రెను తిట్టి పాలు పిండేది, పొయ్యిని తిట్టి మంట వేసేది, నన్ను తిట్టి తల దువ్వేది. నెయ్యి ఎక్కువ వేసిన రోజు తిట్టు కూడా ఎక్కువ వేసేది. జ్వరమొస్తే మాత్రం తిట్టేది కాదు. అందుకే ఆమె మెల్లగా మాట్లాడితే నాకు భయం వేసేది, నాకేదో పెద్ద జబ్బు చేసిందేమోనని. అబ్బ ఆ తిట్లు వింటూ, తమలపాకు నములుతూ, పక్కింటి రేడియో వింటున్నంత నింపాదిగా కూర్చునేవాడు. బదులు చెప్పగా నేను ఒక్కసారి తప్ప ఎప్పుడూ వినలేదు.

నేను నాలుగో తరగతి దాటే నాటికి వరసగా వానలు లేవు. పెన్నలో ఇసకే. దొడ్డి పక్కన బావి అడుగున బురద, ఆ బురదలో చచ్చిన కప్పలు. అక్కడ లింగాలలో చెన్నప్ప మామ చీనీతోట నిలువునా ఎండిపోతే ఆ బత్తాయి చెట్లు కొట్టి కట్టెలకు వేశారు. బోరు వేస్తే దుమ్ము లేచింది. తోట పోయాక మామకు మిగిలింది అరవై గొర్రెలు. వాటిని తోలుకొని ఆయన మా ఇంటికి వచ్చాడు. సముద్రం పక్క నెల్లూరు సీమలో గడ్డి ఉందని, సర్వితోపుల్లో, అంటే సరుగుడు తోటల్లో, ఎవరూ అడ్డం చెప్పరని, రెండు మందలూ కలిపి తోలుకుపోతే ఉగాదికి వెనక్కి రావచ్చని ఇద్దరూ అనుకున్నారు. మైదుకూరు, బద్వేలు, ఆపైన వెలిగొండలు దాటి, ఇరవై రోజుల నడక.

జేజికి ఇది గిట్టలేదు. అబ్బకు ఆ ఏడు దగ్గు పట్టింది, ఎంతకీ వదల్లేదు. ఆ వయసులో కొండలు దాటి పోవద్దని, ఆ తేమలో మన గొర్రెల గిట్టలు కుళ్లిపోతాయని, మంద అమ్మేసి ఇంట్లో కూర్చోమని దసరా పొడుగునా పోరింది. అబ్బ వినలేదు. బయలుదేరే రోజు పొద్దున నేను గడప దగ్గర వోనగుంతలు ఆడుకుంటున్నాను. నాయన బండల ఫ్యాక్టరీకి పోయాడు, అమ్మ చెలమ నీళ్లకు పోయింది, మామ మందను వంక దగ్గరికి తోలుకుపోయాడు. అబ్బ కంబళి భుజాన వేసుకొని కట్టె చేతికి తీసుకున్నాడు. జేజి అడ్డం నిలబడింది.

"గొర్రెలు లేకుండా ఈడ నేనేం చేయాలే, గోడలు సూసుకుంటా కూసోవాల్నా?" అన్నాడు అబ్బ. ఆయన బదులు చెప్పడం అదే మొదలు.

జేజి ముఖం ఎర్రబడింది. "అట్లయితే పో. పోయి ఆ సముద్రంలోనే పడి సావు. మళ్ల నా గడప తొక్కొద్దు."

అబ్బ కంబళి సర్దుకున్నాడు. ఆమె పక్కనుంచి వంగి, గడపమీద కూర్చున్న నా తలమీద ఒకసారి చేయి వేసి వెళ్లిపోయాడు. అంతకన్నా పెద్ద తిట్లు ఆమె నోట రోజూ వినేదాన్ని గనక నేను ఆట ఆపలేదు. కాసేపటికి జేజి లోపలినుంచి ఊరుబిండి డబ్బా పట్టుకొని పరిగెత్తుకొచ్చింది. "ఆ ముసిలోడు మర్సిపోయినాడు, ఇచ్చి రాపో పాపా" అంది. నేను వంకదాకా ఉరికాను. మంద అప్పటికే కదిలింది. వెనక నడుస్తున్న మామ చేతికి డబ్బా ఇచ్చాను. దుమ్ములో, అంత దూరంలో, ముందర నడుస్తున్న అబ్బ వీపు కనబడింది. నేను వెనక్కి వచ్చేసరికి జేజి వీధి మొదట్లో నిలబడి ఉంది. దుమ్ము అణిగిందాకా అక్కడే ఉంది.

వాళ్లు చేరినట్టు కార్తీకం చివర్లో ఒక లారీ డ్రైవరు ద్వారా కబురొచ్చింది. గడ్డి బాగుందట, అబ్బ దగ్గు తగ్గిందట. ఆ కబురు విని జేజి అబ్బను తిట్టింది. దగ్గు తగ్గడానికి సముద్రం దాకా పోవాల్నా అని. ఇంట్లో అందరం నవ్వాం.

క్రిస్మసు మరునాడు ఆదివారం. ఆ పొద్దున మా ఊళ్లో ఏమీ జరగలేదు. ఇప్పుడు ఎంత తడుముకున్నా గుర్తొచ్చేది అదే, ఏమీ జరగలేదు. ఎండ వచ్చింది, అమ్మ నాకు తలకు పోసింది, జేజి చెనిక్కాయలు ఒలుస్తూ కాకిని తిట్టింది. మధ్యాహ్నం రెడ్డిగారి ఇంట్లో టీవీ ముందు జనం మూగారని, చెన్నపట్నంలో సముద్రం ఊళ్లోకి వచ్చిందని పిల్లలు పరిగెత్తుకుంటూ చెప్పారు. ఆ ఇంటి వసారాలోకి జేజి ఎప్పుడూ పోలేదు. ఆ రోజు పోయింది. టీవీలో నీళ్లు కార్లను పెట్టెల్లా దొర్లిస్తున్నాయి. సముద్రం అంటే ఏమిటో ఆమె మొదట చూసింది అట్లాగే. నెల్లూరులో గూడా వచ్చిందా అని ఎవరినో అడిగింది. వచ్చిందని చెప్పారు. ఆమె వసారా స్తంభాన్ని పట్టుకొని అక్కడే కూర్చుంది. ఆమెతో పోయినవాళ్లంతా ఇక తిట్లు మొదలవుతాయని, దేవుళ్లకు మూడుతుందని చూస్తున్నారు. ఆమె నోరు తెరవలేదు.

నాయన ఆ సాయంత్రమే నెల్లూరు బస్సెక్కాడు. అప్పుడు మా వాళ్లెవరి దగ్గరా ఫోన్లు లేవు. ఆరు రోజులు ఎదురుచూశాం. పేపర్లు వస్తే అక్షరం వచ్చినవాళ్ల చుట్టూ చేరేవాళ్లం. తమిళనాడు, అండమాను, శ్రీలంక, మేము పేరు పలకలేని దేశాలు, రోజురోజుకూ పెరిగే లెక్కలు, చివరికి రెండు లక్షలు దాటిందన్నారు. అన్ని ఊళ్లు కలిపినా మా తాలూకాలో అంతమంది ఉంటారో లేదో అని పెద్దవాళ్లు అనుకున్నారు. సునామీ అన్న మాట ఒక్కొక్కరి నోట ఒక్కోలా తిరిగింది. బడిలో పిల్లలు దాంతో ఆట కూడా కట్టారు. ఒకరు అల, మిగిలినవాళ్లు పరిగెత్తాలి, అల ముట్టుకున్నవాళ్లు చచ్చినట్టు. నేనూ ఆడాను. ఒక రోజు నేనే అలను కూడా అయ్యాను. 

ఏడో రోజు పొద్దున ఒక లారీ వచ్చి వంక దగ్గర ఆగింది. అందులోంచి ముప్ఫై దాకా గొర్రెలు దిగాయి, ఉన్ని అంతా ఉప్పు పట్టి తెల్లగా. వాటి వెనక ఇద్దరు మనుషులు దిగారు. ఒకరు నాయన, ఇంకొకరు చెన్నప్ప మామ. జేజి లారీ వెనక తలుపు మళ్లీ వేసేదాకా దాన్నే చూస్తూ నిలబడింది.

జరిగింది మామ వాకిట్లో కూర్చొని చెప్పాడు. ఒక్కసారే చెప్పాడు, మళ్లీ ఎవరడిగినా చెప్పలేదు. పొద్దు బారెడు ఎక్కింది. సంగటి తిని అబ్బ మందను ముందర తోలుకొని ఇసకదిబ్బ మీదికి పోయాడు. మామ సర్వితోపులో ఒక కుంటి గొర్రె గిట్టకు మందు పెడుతున్నాడు. మొదట వచ్చిన నీళ్లు మోకాళ్ల దాకానే వచ్చాయి. గాలి లేదు, మబ్బు లేదు, ఊరికే సముద్రం లేచి నడిచి వచ్చినట్టు. గొర్రెలు చెదిరిపోయాయి, చాలావరకు ఆ నీళ్లతోపాటే పోయాయి. తర్వాత నీళ్లు వెనక్కి తగ్గాయి, ఎంత దూరం తగ్గాయంటే ఎప్పుడూ ఎవరూ చూడని నేల బయటపడింది. ఆ బురదలో చేపలు కొట్టుకుంటుంటే పక్క పల్లెలోని పిల్లలు, ఆడవాళ్లు బుట్టలు పట్టుకొని దిగారు. నలభై గొర్రెలు ఆ నేలమీద ఎటు పోవాలో తెలియక నిలబడి అరుస్తున్నాయి. అబ్బ దిగాడు. మామ పిలిచాడు. అబ్బ వెనక్కి తిరిగి, కాస్త ఆగమన్నట్టు చేయెత్తి, మళ్లీ గొర్రెలను అదిలిస్తూ ముందుకు పోయాడు. రెండోసారి వచ్చింది నీళ్లలా రాలేదని మామ అన్నాడు. గోడలా కూడా రాలేదట. నేల మొత్తం లేచి వచ్చినట్టు వచ్చింది. మామ సర్విచెట్టును కరుచుకున్నాడు.

ఊళ్లోవాళ్లు, గొర్రెలకు ముందే తెలిసి ఉంటుందే, పశువులకు తెలుస్తుందంటారే అన్నారు.

"వాటికేం తెలుస్తాది. మేస్తాండె" అన్నాడు మామ.

మొదట ఆయన ఒక్కడే, నాయన వచ్చాక ఇద్దరూ కలిసి, నాలుగు రోజులు అబ్బ కోసం వెతికారు. ఒక బడి వరండాలో మనుషులను వరసగా పడుకోబెట్టి ఉంటే ప్రతి ముఖం మీది గుడ్డనూ ఎత్తి చూశారు. అందులో సగం పిల్లలే. బుట్టలతో దిగినవాళ్లు. ఒక తల్లి చేతిలో దువ్వెన పట్టుకొని వచ్చినవాళ్లందరినీ తన కూతురిని చూశారా అని అడిగేదట, తల సగమే దువ్వి ఉంటుంది, గుర్తుపట్టొచ్చు అని చెప్పేదట. తమకే గింజ లేని ఆ రోజుల్లో మామకు అన్నం పెట్టింది ఆ పల్లెవాళ్లే.  అబ్బ మాత్రం దొరకలేదు. కంబళి లేదు, కట్టె లేదు, ఏమీ లేదు.

జేజి ఒక్క మాటే అడిగింది. "నీళ్లు లాక్కపోయినాయా, ఆయప్పే పోయినాడా?"

"గొర్రెల కోసం దిగినాడత్తా" అన్నాడు మామ.

ఆమె తల ఊపింది. ఏడుస్తుందని చుట్టూ చేరిన ఆడవాళ్లు ఏం చేయాలో తెలియక ఒకరొకరే లేచి వెళ్లిపోయారు.

రెండు రోజుల తర్వాత దొడ్లో నేను గొర్రెలకు నీళ్లు పెడుతుంటే జేజి వచ్చి నా పక్కన కూర్చుంది. చాలా మెల్లగా, జ్వరమొచ్చినప్పుడు మాట్లాడే గొంతుతో, "ఆ పొద్దు నువ్వు ఇన్న్యావు గదా పాపా" అంది. విన్నానని తల ఊపాను. "ఎవురికీ చెప్పగాకు" అంది. చెప్పనని ఆమె చేతిలో చేయి వేశాను. ఆ రోజునుంచి మా ఇంట్లో తిట్టు వినబడలేదు. పాలు పిండుతుంటే గొర్రె తన్నినా ఊరకే ఉండేది. తల దువ్వుతూ చిక్కు తగిలితే ఆగి, చేత్తో విడదీసేది. ఊళ్లోవాళ్లు మొగుడు పోయిన దిగులన్నారు. సంగతి నాకొక్కదానికే తెలుసు. ఆమె తన నోటికి భయపడుతోంది.

సంక్రాంతి సెలవులయ్యాక మా బడి ఖాసిం సారు సునామీ ఎట్లా వస్తుందో మాకు పాఠం చెప్పారు. జమ్మలమడుగునుంచి సైకిలు మీద వచ్చేవారు, సన్నగా, ఎప్పుడూ నిద్ర చాలనట్టు ఉండేవారు. బోర్డు మీద గీస్తే మాకు అర్థం కావడం లేదని, బడి గోడ పక్కన పడి ఉన్న రెండు నాపరాళ్లు తెప్పించి చూపించారు. పాఠమయ్యాక నేను లేచి, ఎవరైనా సముద్రంలో పడమని అంటే సునామీ వస్తుందా సార్ అని అడిగాను. తరగతంతా నవ్వింది. సారు నవ్వలేదు. బెల్లు కొట్టాక పిలిచి, ఎవరన్నారు అని అడిగారు. జేజికిచ్చిన మాట గుర్తొచ్చి, మీరు మా ఇంటికి రండి సార్, ఆ బండల సంగతి మా జేజికి చెప్పండి అన్నాను.

ఆదివారం వచ్చారు. జేజి మంచం వాల్చి, టీ పెట్టించి, తాను గోడకానుకొని నేలమీద కూర్చుంది. సారు దొడ్డి కంచెకింద నుంచి రెండు పలక రాళ్లు తీసుకొని గొర్రెల తొట్టి దగ్గర కూర్చున్నారు. మనం నిలబడిన నేల అంతా ఒకటే ముక్క కాదని, ఇట్లాంటి పెద్ద పెద్ద బండలని, అవి సంవత్సరానికి రెండు మూడు వేళ్ల మందం కదులుతుంటాయని చెప్పారు. సుమత్రా అనే దీవి పక్కన సముద్రం అడుగున ఒక బండ ఇంకోదాని కిందికి దూరుతోంది, దూరేది దూరుతుంటే పైది ఇరుక్కొని వంగింది, వంగి వంగి ఒక రోజు పట్టు జారి ఎగిరి పడింది, వెయ్యి కిలోమీటర్ల పొడుగునా చీలింది. సారు ఆ రాళ్లను తొట్టి నీళ్లలో ముంచి, పై రాయిని చటుక్కున లేపారు. తొట్టి నీళ్లు లేచి అవతలి గట్టు దాటి జేజి కాళ్ల దాకా వచ్చాయి. సముద్రంలో ఇట్లా లేచిన నీళ్లే రెండు గంటల్లో మనదాకా నడిచి వచ్చాయి అన్నారు.

జేజి తడిసిన కాళ్లు వెనక్కి తీసుకోలేదు. "కిందికి దూరే బండ ఎవురిది సారూ?"

"మనదే అవ్వా. మనమందరం దానిమీదే ఉండేది."

"అది ఎప్పుట్నుంచి దూరతాంది?"

"వందల ఏండ్లుగా. నువ్వు పుట్టకముందునుంచి. మీ జేజి పుట్టకముందునుంచి కూడా. ఎప్పుడో ఒకప్పుడు జారాల్సిందే, ఎప్పుడనేదే ఎవరికీ తెలీదు."

ఆమె ముఖంలో ఏదో సడలినట్టు నాకనిపించింది.  నేల చూస్తూ అడిగింది. "ఒగ మనిషి ఒగ మాటంటే?"

సారు నా వైపు చూశారు. "మాటకు బండ కదలదవ్వా" అన్నారు, ఎంతో మెత్తగా.

"బండ కదలదు సారూ. మనిషి కదుల్తాడు గదా. నేను పొమ్మన్యా, ఆయప్ప పొయినాడు."

 సారు ఆ రాళ్లను తెచ్చిన చోటే పెట్టి, చల్లారిన టీ తాగి, వస్తానవ్వా అని లేచారు. వీధి చివరిదాకా సైకిలు నడిపించుకుంటూనే పోయారు, ఎక్కలేదు.

తర్వాత చెప్పుకోవలసింది ఎక్కువ లేదు. మిగిలిన గొర్రెలను ఆ ఎండాకాలమే వదిలించుకున్నారు. కట్టె కూడా దొరకని మనిషికి ఏం పూడ్చాలో తెలియక, ఏడాది తిరిగాక అబ్బ పాత చెప్పులు పెన్న గట్టున పూడ్చి కర్మ చేశారు. దొడ్డి ఉన్న చోట నాయన రేకుల షెడ్డు వేశాడు. జేజి ఇంకో పదేళ్లు బతికింది. మనవరాళ్లకు పెళ్లిళ్లయ్యాయి, ఇంట్లో గొడవలయ్యాయి, నాయనా అమ్మా పెద్దగా అరుచుకున్న రోజులున్నాయి. ఆమె ఒక్కసారి కూడా గొంతు ఎత్తలేదు. ఎవరైనా ఊరికి బయలుదేరుతుంటే మాత్రం లేచి వచ్చి, పోయిరా అని మూడుసార్లు అనేది, రా అన్న అక్షరం దగ్గర నొక్కి. నా పెళ్లయి ప్రొద్దుటూరుకు పోతున్న రోజు బండి కదిలాక కూడా అంటూనే ఉంది. ఆ మరుసటేడే, ఏ జబ్బూ లేకుండా, మధ్యాహ్నం నిద్రలో పోయింది.

బస్సు పులివెందులలో దిగి ఆటో పట్టుకొని లింగాల చేరేసరికి తుంపర ఆగింది. ఇప్పుడా దారంతా పచ్చగా ఉంటుంది. కాలవ నీళ్లు వచ్చాయి, చీనీతోటలు, అరటితోటలు, గట్టున లారీలు. గొర్రెల మంద దారికి అడ్డం వచ్చి ఆటో ఆగడం అన్నది లేదు. మామ ఇంట్లో కదురు ఏదని అత్తను అడిగితే, ఎప్పుడో పొయ్యిలో పెట్టామంది. ఆ రోజుల ముచ్చట్లు ఇప్పుడు మా పిల్లలకు పాఠం. నా కూతురి పుస్తకంలో సునామీ రెండు పేజీలు, కింద నాలుగు ప్రశ్నలు.

మామ మంచంలో చిక్కిపోయి ఉన్నాడు. అత్త చీనీరసం తేవడానికి లోపలికి పోయింది. మామ నన్ను దగ్గరికి రమ్మని, అబ్బ గురించి ఒక సంగతి ఎవరికీ చెప్పకుండా ఉండిపోయిందని, తాను పోయేలోపల ఒకరి చెవిన వేయాలని ఉందని అన్నాడు.

"అల వచ్చే ముందుదినం సాయంత్రం మీ అబ్బా నేనూ నీళ్లకాడ కాళ్లు కడుక్కుంటాండాం" అన్నాడు. "ఆయప్ప కిందికి సూసి నవ్వినాడు. మీ అత్త సముద్రంలో పడి సావమనింది రా చెన్నప్పా, ఈడ సూస్తే మోకాలిలోతు గూడా లేదు, యాడ సావాల అన్న్యాడు. రెండు నెలలాయె ఆమె తిట్లు ఇనక, చెవులు ఖాళీగా ఉండాయి, ఉగాదికి ముందే పోదాం పా అన్న్యాడు. అంత నవ్వు ఆయప్ప నవ్వంగా నేను ఎప్పుడూ సూడలే."

 జేజి బతికున్నన్నాళ్లూ ఆమెకెందుకు చెప్పలేదు మామా అని అడిగాను.

"ఎట్ల చెప్తా పాపా. చెప్తే ఆ నోటా ఈ నోటా పడి, మీ జేజి ఆ మాట అనిందని అందరికీ తెలుస్తాది గదా. మొగుడ్ని నోటితో సంపిందంటారు. అందుకే కడుపులో పెట్టుకున్న్యా." ఆయాసం తగ్గేదాకా ఆగి, నా చేయి పట్టుకున్నాడు. "నీకు తెలుసా, మీ జేజికి ఆ మాట గుర్తుండెనా?"

లోపల అత్త గ్లాసులు కడుగుతోంది. మామ కళ్లలో ఎంత పాత అలసట ఉందో అప్పుడు చూశాను. జేజిని కాపాడడానికి ఆ ఇంట నేనొకదాన్నీ, ఈ ఇంట ఈయనొకడూ నోరు మూసుకొని కూర్చున్నాం. మధ్యలో ఆమె ఆ మాటను పదేళ్లు ఒక్కతే మోసింది.

"లేదు మామా" అన్నాను. "రెండు దినాలకే మర్సిపోయింది. నలుగుర్లో గమ్మున ఉండె గానీ, పోయేదాకా ఇంట్లో మమ్మల్ని తిడతానే ఉండె."

"అంతే, మీ జేజి మనసులో ఏదీ పెట్టుకోదు" అని మామ నా చేయి వదిలి, అటు తిరిగి పడుకున్నాడు.